తలంబ్రాలు హాల్లోకి ఎలా వచ్చాయి: బెంగళూరు అద్దె ఇంట్లో పెళ్లి కళ, ఒక కేస్ స్టడీ

ఇల్లు సర్జాపూర్ రోడ్డు నుంచి లోపలికి వెళ్తే వచ్చే కసవనహళ్లిలో ఉంది. ఐదో అంతస్తులో రెండు బెడ్‌రూంల అద్దె ఫ్లాట్, 1,150 చదరపు అడుగులు. అమ్మాయిది ధర్మవరం, అబ్బాయిది తెనాలి, ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లోనే. వైశాఖంలో పెళ్లయింది. ఆషాఢం పుట్టింట్లో గడిపి అమ్మాయి శ్రావణంలో తిరిగొచ్చాక, ఇళ్ల అలంకరణ చేసే నాకు ఫోన్ చేసింది. కార్తీకంలో రెండు వైపుల పెద్దవాళ్లూ వస్తున్నారు, ఆలోపు పని అయిపోవాలి. బడ్జెట్ తొంభై వేలు, నా ఫీజు కాకుండా.

వాళ్లు అడిగింది ఒక్క మాటలో ఉంది. "అక్కా, ఇంట్లోకి అడుగు పెట్టగానే మా పెళ్లి గుర్తుకు రావాలి. కానీ ఆల్బమ్‌లోకి వచ్చినట్టు ఉండకూడదు." ఇంతకంటే స్పష్టంగా చెప్పే క్లయింట్లు నాకు తక్కువ. సాధారణంగా కొత్త జంటలు ఫోన్లో దాచుకున్న బొమ్మలు చూపించి ఇదే కావాలంటారు. వాటిలో చాలావరకు మన పెళ్లితో ఏ సంబంధమూ లేనివి: తెల్ల గౌను, ఉంగరాలు, గులాబీ రెక్కలు, ఇంగ్లిష్ అక్షరాల్లో ప్రేమ మాటలు. అవి ఎవరి ఇంట్లో పెట్టినా ఒకేలా ఉంటాయి, అదే వాటితో వచ్చే ఇబ్బంది.

వెళ్లి చూసేసరికి గోడల నిండా బహుమతులు ఉన్నాయి. గుండె ఆకారంలో ఫొటోల ఫ్రేమ్, నంది హిల్స్‌లో తీసిన ప్రీ వెడ్డింగ్ ఫొటో పెద్ద కాన్వాస్ మీద, రెండు రాధాకృష్ణుల ప్రింట్లు, మూడు గోడ గడియారాలు, రిసెప్షన్ స్టేజి మీద వెలిగిన ఇద్దరి పేర్ల ఎల్ఈడీ బోర్డు. ఒక్కొక్కటీ ప్రేమగా ఇచ్చిందే. కానీ అన్నీ పాత అద్దెదారులు వదిలి వెళ్లిన మేకులకే వేలాడుతున్నాయి. ఎవరి క్యాలెండరు కోసమో కొట్టిన మేకు ఈ జంట పెళ్లి ఫొటో ఎక్కడుండాలో నిర్ణయిస్తోంది. అద్దె ఇళ్లలో నేను ముందు చేసే పని ఇదే. గోడల మీదున్నవన్నీ దింపి, ఖాళీ గోడలతో ఇంటివాళ్లను రెండు రోజులు ఉండమంటాను. ఎక్కడ కన్ను ఆగుతుందో, ఎక్కడ అసలు పడదో అప్పుడే తెలుస్తుంది.

శుభలేఖలోనే దొరికింది

పెళ్లి నుంచి ఒక్క క్షణం ఎంచుకోమన్నాను. ఇల్లంతా పెళ్లి పరిస్తే కల్యాణ మండపంలో కాపురం పెట్టినట్టు అవుతుంది. ఒక క్షణాన్ని ఒక గోడకు ఇచ్చి, మిగతా గదుల్లో దాని రంగుల్ని, వస్తువుల్ని తేలిగ్గా పలికిస్తే చాలు.

అమ్మాయి అడ్డుతెర అంది. జీలకర్ర బెల్లం పెట్టాక తెర తీస్తే ఎదురుగా అతని ముఖం కనబడిన క్షణం. అబ్బాయి తలంబ్రాలు అన్నాడు. పొద్దుటి నుంచి మంత్రాలతో, పొగతో, పీటల మీద బిగుసుకుపోయిన ఇద్దరూ మొదటిసారి నవ్వింది అప్పుడేనట. రెండూ సరైనవే. నాకైతే హాలుకు తలంబ్రాలే తగినవనిపించింది. అడ్డుతెర ఇద్దరి మధ్యే జరిగేది, దాన్ని లోపలి గదికి ఉంచాలి. తలంబ్రాల దగ్గర చుట్టూ అందరూ ఉంటారు, అందరూ అరుస్తారు, ఎవరు ఎక్కువ పోశారని పందెం కాస్తారు. వచ్చినవాళ్లందరూ చూసే గోడకు సరిపోయే సందడి అది.

రంగుల మాట వచ్చినప్పుడు వాళ్ల శుభలేఖ తీసి చూపించమన్నాను. తెలుగువాళ్ల శుభలేఖల మీద ఎన్నో ఏళ్లుగా అచ్చవుతున్న శ్లోకమే దాని మీదా ఉంది, "జానక్యాః కమలామలాంజలిపుటే" అని మొదలయ్యేది. సీతారాముల కల్యాణంలో తలంబ్రాల ముత్యాల గురించి చెబుతుంది. ఆ ముత్యాలు సీతమ్మ దోసిట్లో ఉన్నంతసేపు ఎర్రగా పద్మరాగాల్లా ఉన్నాయట. రాముడి తల మీద పడగానే తెల్లటి మొల్లపూలయ్యాయట. నల్లని ఆయన మేని మీదుగా జారేటప్పుడు ఇంద్రనీలాలయ్యాయట. ముత్యం మారలేదు, దాని పక్కనున్నది మారింది.

ఇంటి అలంకరణలో నేను నమ్మేదంతా ఇందులో ఉంది. ఏ బొమ్మా ఒంటరిగా అందంగా ఉండదు. దాని వెనక గోడ రంగు, దాని మీద పడే వెలుతురు, కింద ఉన్న బల్ల, పక్కన ఉన్న తలుపు అన్నీ కలిసి దానికి రంగిస్తాయి. షాపులో మెరిసిన కాన్వాస్ ఇంటికొచ్చి వెలవెలబోతే తప్పు కాన్వాస్‌ది కాకపోవచ్చు.

అలా రంగులు ఖాయమయ్యాయి: ఎరుపు, మొల్లపూవు తెలుపు, నీలం. ఇవి శ్రీకాళహస్తి కలంకారీకి, అంటే గుడ్డ మీద కలంతో గీసే బొమ్మలకు, సహజమైన రంగులు కూడా. అందుకే తలంబ్రాల బొమ్మను కలంకారీలోనే వేయించాలనుకున్నాం. ఎరుపు మొక్కల వేర్ల నుంచీ చెక్కల నుంచీ వస్తుంది, నీలం నీలిమందు నుంచి. బొమ్మ వెనకుండే రంగు కరక్కాయ నీళ్లలో, గేదె పాలలో నానిన నూలుగుడ్డది, కాస్త మీగడ ఛాయ. నల్ల గీత ఇనుప ముక్కల్ని బెల్లంతో నీళ్లలో పులియబెట్టి తీసింది. కొత్తగా ఏ రంగూ వెతకాల్సిన పని లేకుండా శ్లోకమూ గుడ్డా ఒక్కటయ్యాయి.

వెలుతురు లెక్క

బొమ్మ ఆర్డర్ ఇచ్చే ముందే గోడ నిశ్చయం కావాలి. ఈ పని ఎక్కువమంది వెనక నుంచి ముందుకు చేస్తారు. బొమ్మ కొంటారు, తర్వాత చోటు వెతుకుతారు.

హాల్లో సోఫా వెనక పదకొండు అడుగుల గోడ ఉంది. అందరి కళ్లూ దాని మీదే. బాల్కనీ పడమర వైపు, ఈ గోడ ఉత్తరాన. నేను చూసింది శ్రావణంలో. అప్పుడు సాయంత్రపు ఎండ పడమటికి కాస్త ఉత్తరంగా ఉండి, లోపలికి వచ్చినా ఎదుటి దక్షిణ గోడ మీదే పడుతోంది. సోఫా గోడ చల్లగా ఉంది, ఇక్కడే పెట్టేద్దామని అబ్బాయి ఉత్సాహపడ్డాడు. కానీ మార్గశిరం, పుష్యం వచ్చేసరికి సూర్యుడు నైరుతికి దిగుతాడు. అదే బాల్కనీలోంచి కిరణాలు వాలుగా వచ్చి నేరుగా ఈ ఉత్తర గోడను తాకుతాయి. ఫోన్‌లో సూర్యుడి దారి చూపించే యాప్ పెట్టి డిసెంబరు సాయంత్రం నాలుగున్నరకు ఎండ ఎక్కడ పడుతుందో వాళ్లకు చూపించాను. సోఫా గోడ సగం వెలిగిపోతోంది.

సహజ రంగుల గుడ్డకు అది విషం లాంటిది. నీలి, ఎరుపు కొంత తట్టుకుంటాయి. కరక్కాయ పువ్వు నుంచి వచ్చే పసుపు అన్నిటికంటే ముందు పోతుంది, దాంతో పసుపు మీద నీలి పూసి చేసిన ఆకుపచ్చ కూడా నీలంగా మిగిలిపోతుంది. మ్యూజియంలలో పాత వస్త్రాల మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకుండా చూసుకుంటారు. ఇంట్లో అంత చీకటిగా బతకలేం. నేరుగా ఎండ తగలకుండా మాత్రం తప్పకుండా చూసుకోవచ్చు.

అందుకని కలంకారీని భోజనాల బల్ల పక్క గోడకు మార్చాను. వంటగది మలుపు అడ్డం ఉండటంతో ఏడాది పొడవునా ఆ గోడ మీద ఎండ పడదు. తలుపు తీయగానే ఏటవాలుగా కనబడుతుంది కాబట్టి "అడుగు పెట్టగానే" అన్న కోరికా తీరుతుంది. తడి ఉందేమో చూడటానికి ఒక పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపు వేసి రెండు రోజులు అంటించి ఉంచాం. వర్షాకాలమైనా లోపలి వైపు చెమ్మ పట్టలేదు. ఇదే పరీక్ష బెడ్‌రూంల మధ్య నడవాలో పెట్టినప్పుడు బాత్‌రూంకి ఆనుకున్న గోడ తప్పింది, నీటి బొట్లు కనబడ్డాయి. ఆ గోడకు ఏమీ వద్దని రాసిపెట్టుకున్నాను.

ఇంటి ఓనరుతో మాటలు

బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసుకోవడం మామూలే. వీళ్ల అగ్రిమెంటులోనూ ఆ మాట ఉంది. ఓనరు పై అంతస్తులోనే ఉండే పెద్దాయన. ఎలాగూ పెయింటింగ్ డబ్బు ఇస్తున్నాం, కన్నాలు మేమే పుట్టీతో పూడ్చి ఇస్తామని అబ్బాయి కన్నడంలో మర్యాదగా అడిగాడు. ఎనిమిదికి మించి వద్దన్నారు ఆయన. ఆ మాటను వాట్సాప్‌లో రాయించుకున్నాం. నోటి మాటగా వదిలేస్తే ఖాళీ చేసే రోజు టెన్షన్.

ఎనిమిది కన్నాలతో ఇల్లంతా ఎలా? ఈ పరిమితి నాకు మంచే చేసింది. ఏది నిజంగా గోడెక్కాలో ఆలోచించాల్సి వచ్చింది. జిగురు పట్టీలతో అంటించుకునే హుక్‌లు ఉన్నాయి కదా అని అమ్మాయి అడిగింది. చిన్న ఫ్రేమ్‌లకు పర్వాలేదు. కానీ ఈ ఇంటి గోడలకు డిస్టెంపరు వేసి ఉంది, చేత్తో రాస్తే పొడి అంటుతోంది. పట్టీ గట్టిగానే అంటుకుంటుంది, గోడకున్న రంగు పొరే ఊడి వస్తుంది. మంచి ఎమల్షన్ పెయింట్ ఉన్న గోడ మీదైతే ముందు శుభ్రంగా తుడిచి, అర నిమిషం అదిమిపట్టి, ఒక గంట ఆగి బరువు వేలాడదీయాలి. బరువైన వాటికి అప్పుడు కూడా నేను సాహసించను, ముఖ్యంగా మంచం తల దగ్గర.

కలంకారీ పని

ఐదడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గుడ్డ. శ్రీకాళహస్తిలోని ఒక కళాకారుడి ఇంటికి వెళ్లి మాట్లాడాను. వెదురు కలానికి చుట్టిన ఉన్నిలోంచి రంగు దిగే తీరు చూస్తే, అచ్చుతో కొట్టే పెడన పనికీ దీనికీ తేడా వెంటనే తెలుస్తుంది. పెడన కలంకారీ కూడా నాకు ఇష్టమే. కర్టెన్లకు, దుప్పట్లకు అందంగా ఉంటుంది. ఒక కథను ఒక్కసారి చెప్పాలంటే మాత్రం చేతి గీతే కావాలి.

నేను అడిగిన బొమ్మలో సీతారాములు ఎదురెదురుగా నిలబడి, నలుగురు చేతులెత్తి అక్షతలు చల్లుతూ ఉండాలి. ఆయన గీసి పంపిన మొదటి స్కెచ్‌లో నలుగురు కాదు, జనకుడి కొలువంతా వచ్చేసింది. ఐదడుగుల గుడ్డలో అంతమంది పడితే ముఖాలు చిన్నవైపోతాయి, భోజనాల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు జనమే కనబడతారు, జంట కనబడదు. ఫోన్‌లో మాట్లాడుకుని ఒక దారి తీశాం. మధ్యలో జంట పెద్దగా, రెండు చివర్ల నిలువు గడుల్లో బంధుజనం చిన్నగా. కింద అంచు పొడవునా శ్లోకం తెలుగు లిపిలో. శ్రీకాళహస్తి పాత తెరల్లో బొమ్మల కింద తెలుగులో కథ రాసుకురావడం ఉన్నదే, కాబట్టి అది అతికించినట్టు కనబడదు. ముత్యాలు సీతమ్మ చేతుల దగ్గర ఎర్రగా, రాముడి తల మీద గుడ్డ రంగులోనే తెల్లగా, భుజాల మీద నీలంగా ఉండాలని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఆ తెల్ల ముత్యాల చోట రంగు తగలకుండా వదిలేస్తానన్నారు. ఆ మాట విన్నాక ఇక స్కెచ్ గురించి నాకు బెంగ లేదు.

వానలకు పని నెమ్మదించింది. ప్రతి రంగుకూ ముందు వెనక గుడ్డను పారే నీళ్లలో ఉతకాలి, ఎండబెట్టాలి. ఎండ లేకపోతే ఆగాల్సిందే. చేతిపని ఆర్డర్ ఇచ్చేవాళ్లు వర్షాకాలంలో కనీసం రెండు నెలలు గడువు ఇవ్వాలి. పండగ తేదీ చెప్పి తొందరపెడితే ఉతుకులు తగ్గుతాయి, తర్వాత గుడ్డ రంగు విడుస్తుంది.

ఫ్రేమ్ విషయంలో అబ్బాయికి సందేహం. గుడ్డను అలాగే చెక్క బద్దకు వేలాడదీస్తే సరిపోదా అని. దుమ్ము లేని శుభ్రమైన ఊళ్లో అయితే నేనూ అదే చెప్పేదాన్ని, కలంకారీకి గాలి ఆడితేనే అందం. కానీ ఆ చుట్టుపక్కల ఎటు చూసినా కట్టడాలు, రోజూ దుమ్ము. పైగా వంటగది పక్కనే పోపు నూనె ఆవిరి. అందుకని యూవీ కాంతిని అడ్డుకునే యాక్రిలిక్ షీటు వేయించాం. ఈ కొలతకు మూడు మిల్లీమీటర్ల గాజు వేస్తే పది కిలోలు దాటుతుంది. యాక్రిలిక్ ఐదు కిలోల లోపే. గుడ్డకూ షీటుకూ మధ్య ఖాళీ ఉండేలా లోపల సన్నటి పట్టీలు పెట్టించాను, ఆనుకుంటే చెమ్మ పట్టి మచ్చలొస్తాయి. గుడ్డను జిగురుతో అంటించకుండా, ఉతికిన మామూలు నూలుగుడ్డ మీద సన్నటి దారంతో కుట్టించాను. ఫ్రేమ్ షాపులో చాలామంది రెండు వైపులా అంటుకునే టేపు వేస్తామంటారు, త్వరగా అయిపోతుందని. ఒప్పుకోవద్దు. కొన్నేళ్లకు ఆ టేపు గోధుమరంగు చారలై గుడ్డ పైకి తేలుతుంది.

గోడకు బిగించడానికి ఏటవాలుగా కోసిన రెండు చెక్క పట్టీలు వాడాం. ఒకటి గోడకు నాలుగు స్క్రూలతో, రెండోది ఫ్రేమ్ వెనక. పైది కింద దాని మీద కూర్చుంటుంది. వంకర వస్తే పక్కకు జరుపుకోవచ్చు, ఇల్లు మారేటప్పుడు ఎత్తి తీసుకోవడమే. గోడ కాంక్రీటు పోతది కాబట్టి మామూలు డ్రిల్‌కు లొంగలేదు, హ్యామర్ డ్రిల్ తెప్పించాం. స్విచ్ బోర్డుకు నిలువుగా పైనా కిందా వైర్లు వెళ్తుంటాయి, ఆ వరసలో మాత్రం ఎప్పుడూ కన్నం పెట్టకూడదు.

ఎత్తు గురించి ఒక మాట. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలన్నది నిలబడి చూసేవాళ్ల లెక్క. ఇక్కడ అందరూ కూర్చుని చూస్తారు. 53 అంగుళాలకు దించాను. తినేవాళ్ల కళ్లకు సీతమ్మ చేతులు ఎదురుగా వస్తాయి.

అత్తగారి అభ్యంతరం

ఫ్రేమ్ ఎక్కక ముందు అబ్బాయి వాళ్లమ్మగారికి వీడియో కాల్‌లో చోటు చూపించారు. ఆవిడ వెంటనే, "అమ్మాయ్, దేవుడి పెళ్లి బొమ్మ అంటున్నారు, దాని కిందే చెప్పుల స్టాండు కనబడుతోందే" అన్నారు. నిజమే, తలుపు పక్కనున్న స్టాండు ఆ గోడ చివర దాకా వచ్చింది. ఇంకో మాట కూడా అన్నారు. "పడగ్గదిలో మాత్రం దేవుళ్లను పెట్టకండమ్మా."

ఇలాంటి మాటల్ని చాదస్తమని కొట్టిపారేసే డిజైనర్లను చూశాను. నేను అలా చేయలేను. ఆ బొమ్మ ఆ ఇంటివాళ్లకు పవిత్రమైతే దాని చుట్టూ ఉన్నదీ దానికి తగ్గట్టు ఉండాలి, లేకపోతే ఇంటికి వచ్చిన ప్రతి పెద్దావిడా అదే మాట అంటుంది, కోడలు ప్రతిసారీ ముడుచుకుపోతుంది. చెప్పుల స్టాండు తలుపు బయటికి వెళ్లింది, ఆ చోట పొట్టి బల్ల వచ్చింది. దాని మీద ఒక దీపం, పూల గిన్నె. గోడ నిజంగానే బాగుపడింది.

ఎండ గోడకు ఇత్తడి

సోఫా గోడ ఖాళీగా మిగిలింది. ఎండకు చెడనిదేదైనా కావాలి. అటక మీద ఏముందని అడిగితే అమ్మాయి సారె సామాను చూపించింది. అందులో వాళ్లమ్మ పెట్టిన ఇత్తడి పళ్లేలు మూడు, ఒకదాన్ని మించి ఒకటి. పెద్దదాంట్లోనే తలంబ్రాలు కలిపారట. అట్టపెట్టెలో న్యూస్‌పేపర్ చుట్టుకుని పడున్నాయి.

స్ప్రింగు హ్యాంగర్లతో మూడు కన్నాలకు మూడు పళ్లేలు. ఒకే వరసలో కాకుండా పెద్దది కాస్త కిందకి, మిగతా రెండూ ఒకదానికొకటి దగ్గరగా పైకి. వ్రతానికి, పేరంటానికి కావాలంటే తీసి వాడుకోవచ్చు, మళ్లీ పెట్టుకోవచ్చు. అందుకే వాటికి లాకరు (మెరుపు నిలిపే పారదర్శక పూత) పూయించలేదు, చింతపండుతో తోముకోవడానికి వీలుండాలి. సాయంత్రం ఎండ పడినప్పుడు గోడంతా పసుపు రాసినట్టు అవుతుంది. బడ్జెట్‌లో అతి తక్కువ ఖర్చయిన గోడ ఇదే, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే. పెళ్లిలో నిజంగా చేతులు మారిన వస్తువు గోడ మీద ఉంటే, అచ్చు వేయించిన ఏ బొమ్మా దాని పక్కన నిలబడదు.

తలంబ్రాల బియ్యాన్ని రెజిన్‌లో, అంటే పోశాక గాజులా గట్టిపడే ద్రవంలో, పోయించి ఫ్రేమ్ చేయించాలని వీళ్లు మొదట అనుకున్నారు. ఈమధ్య దండల్ని కూడా అలా చేయిస్తున్నారు. రెజిన్ కాలం గడిచేకొద్దీ, వెలుతురు తగిలేకొద్దీ పసుపుబారుతుంది, బియ్యానికున్న పసుపేమో వెలిసిపోతుంది. రెజిన్ లేకుండా బియ్యాన్ని ఫ్రేమ్‌లో పెడితే పురుగు పడుతుంది. అదృష్టవశాత్తూ వాళ్ల తలంబ్రాల్లో ముత్యాలు కలిపారు. అవి మిగిలితే చాలన్నాను. కుంకుమ భరిణెలో దాచినవి బయటికి తీసి మధుపర్కం ఫ్రేమ్ మూలలో సన్నటి పట్టుదారంతో కుట్టించాం.

మధుపర్కం అంటే ఇక్కడ అమ్మాయి కట్టుకున్న తెల్ల నూలు చీర, ఎర్ర అంచుది. కొంగు మూలలకు పసుపు రాసిన మచ్చలు అలాగే ఉన్నాయి. చీరనంతా కోయకుండా మడతపెట్టి, అంచూ పసుపు మూలా కనబడేలా లోతైన పెట్టె ఫ్రేమ్‌లో అమర్చాం. నడవాలో తడి లేని వైపు గోడకు ఓనరు కాలం నాటి మేకు ఒకటి సరైన ఎత్తులోనే దొరికింది. కిటికీ లేని చోటు కాబట్టి పసుపుకు కొంత ఆయుష్షు. అయినా వెలుస్తుంది. ఆ సంగతి ముందే చెప్పాను. అమ్మాయి, "వెలిసినా నాదే కదక్కా" అంది.

పడగ్గది

అత్తగారి మాట ప్రకారం ఇక్కడ దేవుళ్లు లేరు. మరి ప్రేమను ఏ బొమ్మలో చూపాలి? మనకు మన్మథుడి సరంజామా ఉండగా వేరే చోటికి వెళ్లాల్సిన పని లేదు. ఆయన వాహనం చిలుక, విల్లు చెరకుగడ, బాణాలు తామర, అశోకం, మామిడి పూత, విరజాజి, నల్లకలువ. ఆయన్ని గీయకుండా ఆయన సామాను మాత్రం గదిలో ఉంచాం.

ధర్మవరానికి దగ్గర్లోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల కుటుంబాలు ఇప్పటికీ పనిచేస్తున్న ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పారదర్శకమయ్యేదాకా గీకి, రంగులేసి, ఉలితో చిల్లులు కొడతారు. వెనక వెలుగు ఉంటేనే దానికి ప్రాణం. అందుకే తోలుబొమ్మను గాజు ఫ్రేమ్‌లో బిగించి గోడకు కొట్టడం నాకు నచ్చదు, ముదురు మచ్చలా ఉండిపోతుంది. మంచానికి రెండు పక్కలా బల్ల మీద పెట్టుకునే రెండు తోలు దీపాలు చేయించాం. ఒక్కో దాని మీద ఒక చిలుక, రెండూ ఎదురెదురుగా, చుట్టూ ఆ ఐదు పూలు. ఊరి పేరు వినగానే అమ్మాయి వాళ్ల నాన్నగారు తనే బండేసుకుని వెళ్లి తెచ్చారు. లోపల తక్కువ వాటుల వెచ్చటి ఎల్ఈడీ బల్బే వాడాలి, పాతకాలపు వేడి బల్బు పెడితే తోలు ముడుచుకుంటుంది. వెలిగిస్తే గోడ మీద చుక్కలు చుక్కలుగా వెలుగు పడుతుంది. ఆ గదికి వేరే గోడ అలంకారం అక్కర్లేదనిపించింది.

ఒక్కటి తప్ప, అడ్డుతెర ఫొటో. ఫొటోగ్రాఫరు ఇచ్చిన వేల ఫొటోల్లో ఇద్దరూ కెమెరానే చూస్తున్నారు. తెర దిగిన క్షణానిది ఒక్కటి దొరికింది. పురోహితుడి చెయ్యి సగం అడ్డం, ఆమె కళ్లు మాత్రం అతని మీద. ఆ చెయ్యిని కంప్యూటర్‌లో తీసేయిద్దామన్నాడు అబ్బాయి. వద్దన్నాను, ఆ చెయ్యి ఉంటేనే అది ఆ క్షణం. 12కి 18 అంగుళాల మ్యాట్ ప్రింటు అనుకున్నాం. వాళ్ల దగ్గరున్నది వాట్సాప్‌లో వచ్చిన ఫైలు, పొడవు 1600 పిక్సెళ్లే. ఈ సైజుకు అంగుళానికి 300 చొప్పున 5400 కావాలి. స్టూడియో నుంచి అసలు ఫైలు తెప్పించాక మాత్రమే ప్రింటుకు పంపాం. బీరువా పక్క గోడకు, మంచం మీంచి చూస్తే కనబడేలా, హాల్లోంచి కనబడకుండా. ఎనిమిదో కన్నం దీనికి పోయింది.

మిగిలినవి

రెండో పడగ్గది వచ్చే బంధువులది. అక్కడ కాళ్ల మీద నిలబడే పొడవాటి చెక్క అరల స్టాండు గోడకు ఆనించి, బహుమతి ఫ్రేమ్‌లను గోడకు కొట్టకుండా వాటి మీద వాలుగా నిలబెట్టాం. ఎవరు వస్తుంటే వాళ్లు ఇచ్చింది ముందు వరసకు వస్తుంది. మోసం అనకండి, అది మర్యాద. నంది హిల్స్ కాన్వాస్ కూడా అక్కడే. పేర్ల బోర్డు మీద అబ్బాయికి చాలా ప్రేమ, ఆ అక్షరాలు తనే గీశాడు. దాని తెల్లటి కాంతి కలంకారీ ఎరుపును చంపేస్తోంది కాబట్టి అతని ఆఫీసు టేబుల్ ఉన్న మూలకు మార్చి, కాంతి తగ్గించే స్విచ్ పెట్టించాం.

భోజనాల దగ్గరున్న ట్యూబ్‌లైటూ అదే నేరం చేస్తోంది, పైగా యాక్రిలిక్ మీద గీతలా మెరుస్తోంది. దాన్ని తీసి భద్రపరిచి, వెచ్చటి రంగున్న, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 90 పైబడిన బల్బు పెట్టాం. ఫ్రేమ్ పై అంచుకు బిగించుకునే చిన్న దీపం ఒకటి. ముందు రోజు ఇటుకరంగులో కనబడిన సీతమ్మ చేతులు ఆ రాత్రి కెంపు రంగుకు తిరిగాయి.

మొత్తం ఖర్చు ఎనభై వేలకు కాస్త పైన తేలింది. అందులో సగం కలంకారీకి, దాని ఫ్రేమ్‌కే. మిగిలిన డబ్బుతో బాల్కనీ తలుపుకు పలచటి తెల్ల తెర కొనమన్నాను. సోఫా గుడ్డ రంగు కూడా ఎండకు పోతుంది కదా.

కార్తీకంలో పెద్దవాళ్లు వచ్చినప్పుడు నేనూ వెళ్లాను. అత్తగారు శ్లోకాన్ని చదువుతూ "కుందప్రసూనాయితాః" (మొల్లపూలయ్యాయి) అన్న చోట ఆగి, రంగు తగలకుండా వదిలేసిన తెల్ల ముత్యాల్ని వేలితో లెక్కపెట్టారు, యాక్రిలిక్ మీద వేలిముద్రలు పడ్డాయి. తుడవడానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డే వాడాలి, గాజు తుడిచే స్ప్రే యాక్రిలిక్‌ను మసకబారుస్తుంది, ఆ గుడ్డను బల్ల సొరుగులో పెట్టి వచ్చాను. ఏడాదికోసారి ఫ్రేమ్ దింపి వెనక చెమ్మ చూసుకోమని, వాళ్లు ఇల్లు మారితే కొత్త ఇంట్లో గోడ ఎంచుకునే ముందు డిసెంబరు ఎండ లెక్క వేసుకోమని రాసిచ్చాను.